సాంచాల ఊరిలో ఆటస్థలం



సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నిజామాబాద్, నల్లగొండ వైపు ఇళ్ళల్లో భివండి అనే పేరు కొత్తది కాదు. ఎవరి అన్నో, ఎవరి బావో, ఎవరి మేనమామో అక్కడ సాంచాలు నడిపినవాళ్ళే. రెండు మూడు తరాల కిందటే వెళ్ళి పద్మనగర్‌లో, కామత్‌ఘర్‌లో స్థిరపడి, పిల్లల పెళ్ళిళ్ళు కూడా అక్కడే చేసుకున్న కుటుంబాలు ఉన్నాయి. బట్టల సంచి సర్దుకుని ఇప్పటికీ బస్సెక్కే కుర్రవాళ్ళూ ఉన్నారు.

వాళ్ళకు ఇంటి నుంచి ఫోను చేసినప్పుడు మనం ఏమడుగుతాం? తిన్నావా అంటాం. కూలి అందిందా అంటాం. రూము కిరాయి ఎంత, పండుగకు వస్తావా అంటాం. అన్నీ అడగవలసిన మాటలే. కానీ ఒక్క మాట మాత్రం ఎవరమూ అడగం. "పని దిగినాక ఎక్కడ కూర్చుంటున్నావురా?" అని. చిన్న ప్రశ్నలాగే ఉంది గదా! నిజానికి ఒక నగరం తన పార్కులను, ఆటస్థలాలను, యువకుల వినోద కార్యక్రమాలను ఎట్లా నడుపుతున్నదన్న సంగతంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఊరిని ఒకసారి చూద్దాం. భివండి మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో, ముంబయికి ఈశాన్యంగా, కామ్వారీ నది ఒడ్డున ఉంది. భివండి, నిజాంపూర్ కలిపి ఒకే నగరపాలక సంస్థ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ నగరంలో 7,09,665 మంది ఉన్నారు. విస్తీర్ణం చూస్తే దాదాపు 26 చదరపు కిలోమీటర్లు. అంటే ఒక్కొక్క చదరపు కిలోమీటరులో సుమారు 27 వేల మంది. దేశంలోని మరమగ్గాలలో చాలా పెద్ద వాటా ఈ ఒక్క ఊళ్ళోనే ఉందని చెబుతారు.

మగ్గాలు ఇంతగా పెరగడానికి ఒక చరిత్ర ఉంది. 1982 జనవరిలో ముంబయి బట్టల మిల్లుల్లో పెద్ద సమ్మె మొదలైంది. లక్షలాది కార్మికులు పాల్గొన్న ఆ సమ్మె తరువాత చాలా మిల్లులు మళ్ళీ కోలుకోలేదు. మిల్లుల్లో నేసే బట్ట మరమగ్గాలకు మళ్ళింది. భివండిలో ఖాళీ కనిపించిన చోటల్లా రేకుల షెడ్డు లేచింది. షెడ్డు పక్కన కూలీల గదులు, గదుల పక్కన మెస్సు, మెస్సు పక్కన మళ్ళీ షెడ్డు. ఊరు ఇట్లా పెరిగినప్పుడు అందరికంటే ముందు మాయమయ్యేది ఖాళీ జాగాయే. ఎందుకంటే ఖాళీ జాగా తరఫున మాట్లాడేవాడు ఉండడు. షెడ్డుకు యజమాని ఉంటాడు, గదికి కిరాయిదారు ఉంటాడు. ఖాళీ జాగా మాత్రం అందరిదీ, అందుకే ఎవరిదీ కాకుండా పోతుంది.

ఇక సాంచాలు నడిపే మనిషి రోజు ఎట్లా గడుస్తుందో మీకు తెలుసు. సాధారణంగా పన్నెండు గంటల పాళీ. దినం పాళీ వాడు దిగితే రాత్రి పాళీ వాడు ఎక్కుతాడు. గది కూడా అట్లాగే నడుస్తుంది. పగలు పనిచేసేవాడు లేచిన చాప మీద రాత్రి పనిచేసి వచ్చినవాడు పడుకుంటాడు. ఒక చిన్న గదిలో అంతమంది ఉన్నప్పుడు, మెలకువగా ఉన్నవాడు గదిలో కూర్చోలేడు. పడుకున్నవాళ్ళకు నిద్ర చెడుతుంది. మరి ఎక్కడికి పోవాలి? చాయ్ హోటలుకు పోతే ఖర్చు. రోడ్డు పక్కన నిలబడితే లారీలు, దుమ్ము. ఇక మిగిలినవి మట్కా, మందు దుకాణాలు. వాటి తలుపులు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటాయి. చెడు అలవాట్లు మనుషుల గుణం వల్లనే వస్తాయని మనం తేలికగా అనేస్తాం. కూర్చోవడానికి మంచి చోటు లేకపోవడం వల్ల కూడా వస్తాయి.

ఆరోగ్యం సంగతి కూడా ఉంది. నూలు దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చేవాళ్ళకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. సాంచాల చప్పుడు మధ్య రోజంతా నిలబడేవాళ్ళకు వినికిడి తగ్గుతుంది. కార్ఖానాలో చేయవలసిన జాగ్రత్తలు వేరే ఉన్నాయి. కానీ దిగినాక రెండు గంటలైనా చప్పుడు లేని చోట, చెట్టు కింద మంచి గాలి పీల్చగలగడం కూడా మనిషికి అవసరమే. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసేటట్టు ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ అరవై నిమిషాలు ఎక్కడ ఆడాలి? సందులోనా, మేడ మీదనా?

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాం. పట్టణాల ప్రణాళిక కోసం కేంద్ర ప్రభుత్వం 2014లో వెలువరించిన మార్గదర్శకాలలో తలకు 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలని చెప్పారు. భివండిలో ఏడు లక్షల చిల్లర జనానికి తలకు 10 చదరపు మీటర్ల చొప్పున లెక్కగడితే 71 లక్షల చదరపు మీటర్లు అవుతుంది. అంటే ఏడు చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఊరి విస్తీర్ణమే 26 చదరపు కిలోమీటర్లు గదా! నగరంలో నాలుగో వంతుకు మించి పార్కులకే వదలాలన్నమాట. షెడ్లతో, ఇళ్ళతో నిండిపోయిన ఊళ్ళో ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదు, పదేళ్ళలో కూడా కాదు.

మరి చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. ఈ లెక్క నుంచి మనం నేర్చుకోవలసిన పాఠం వేరే ఉంది. భూమిని మనం సాగదీయలేం. కానీ ఉన్న భూమి తెరిచి ఉండే గంటలను పెంచగలం.

ఒక ఉదాహరణ చెబుతాను. పురుషుల కబడ్డీ బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. మొత్తం 130 చదరపు మీటర్లు. ఒకసారికి పద్నాలుగు మంది ఆడతారు. ఆ బరి రోజుకు నాలుగు గంటలు తెరిచి ఉంటే, గంటకొక జట్టు మార్చుకుంటూ 56 మంది ఆడుకోవచ్చు. అదే బరికి రెండు దీపస్తంభాలు వేసి పది గంటలు తెరిచి ఉంచితే 140 మంది ఆడుకోవచ్చు. భూమి ఒక్క గజం కూడా పెరగలేదు. ఆడేవాళ్ళు మాత్రం రెండున్నర రెట్లు పెరిగారు. పార్కు నిర్వహణ అంటే ముందుగా ఈ లెక్క చూసుకోవడమే. ప్రారంభోత్సవం నాటి రిబ్బను, ఫౌంటెను ఆ తరువాతి మాట.

మన నగరాల్లో పార్కుల వేళలు ఎట్లా ఉంటాయో గుర్తుకు తెచ్చుకోండి. చాలాచోట్ల పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు. ఆఫీసులకు పోయేవాళ్ళకు, పింఛను తీసుకునే పెద్దలకు ఆ వేళలు సరిపోతాయి. రాత్రి ఎనిమిదికి సాంచాలు దిగినవాడు కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చేసరికి పార్కు గేటుకు తాళం పడుతుంది. పొద్దున పాళీ దిగినవాడు కొంచెం సేపు నిద్రపోయి మధ్యాహ్నం వస్తే అప్పుడూ తాళమే. కార్మికుల ఊళ్ళో కార్మికుడికే పార్కు అందకపోతే, ఆ పార్కు ఎంత అందంగా ఉండి ఏం ప్రయోజనం? అందుకే సాంచాల ఊళ్ళో పార్కు గడియారం పాళీ గడియారంతో కలిసి నడవాలి. తెల్లవారుజామున, మధ్యాహ్నం చెట్ల నీడన, రాత్రి దీపాల వెలుగులో, ఇట్లా మూడు వేళల్లోనూ తెరిచి ఉండాలి.

అయితే రాత్రి పదకొండు దాకా గేటు తెరిచి ఉంచాలంటే కాపలాదారు కావాలి, దీపాలు కావాలి, మరుగుదొడ్డి కావాలి. వీటికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఎందుకు దొరకదో తెలియాలంటే చట్టంలోని ఒక చిన్న తేడా తెలుసుకోవాలి.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దానితో రాజ్యాంగానికి పన్నెండో షెడ్యూలు చేరింది. పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పద్దెనిమిది పనుల జాబితా అది. అందులో పన్నెండో అంశంగా పార్కులు, తోటలు, ఆటస్థలాలు ఉన్నాయి. అంటే ఇది మునిసిపాలిటీ పనే అని రాజ్యాంగమే గుర్తించింది.

కానీ మహారాష్ట్రలో నగరపాలక సంస్థలను నడిపే చట్టం 1949 నాటిది. దానిలో కార్పొరేషను పనులను రెండు రకాలుగా విడదీశారు. 63వ సెక్షన్‌లో ఉన్నవి తప్పకుండా చేయవలసినవి. మురుగు కాలువలు, చెత్త, వీధి దీపాలు, నీళ్ళు వంటివి ఆ జాబితాలోకి వస్తాయి. 66వ సెక్షన్‌లో ఉన్నవి కార్పొరేషను తన విచక్షణ మేరకు చేయదగినవి. ప్రజలకు పార్కులు, తోటలు, ఆటస్థలాలు ఏర్పాటు చేయడం ఈ రెండో జాబితాలో ఉంది. ఒకటి 'చేయాలి', ఇంకొకటి 'చేయవచ్చు'. ఈ రెండు మాటల మధ్యనే పార్కుల డబ్బంతా జారిపోతుంది. బడ్జెటులో కోత పెట్టవలసి వచ్చినప్పుడు అధికారి చెయ్యి ముందు 'చేయవచ్చు' వైపే పోతుంది. అది ఆయన చెడ్డతనం కాదు. మురుగు కాలువ పొంగితే వందమంది ఆఫీసు ముందు నిలబడతారు. పార్కు దీపం ఆరిపోతే ఒక్కరూ రారు. కాబట్టి ప్రజలు అడిగితేనే 'చేయవచ్చు' అన్నది 'చేయాలి' అవుతుంది.

ఇక స్థలం సంగతి చూద్దాం. పార్కుకు భూమి ఎట్లా వస్తుంది? మహారాష్ట్రలో 1966 నాటి ప్రాంతీయ, నగర ప్రణాళికా చట్టం ప్రకారం ప్రతి నగరానికి ఒక అభివృద్ధి ప్రణాళిక తయారుచేస్తారు. ఊరి పటం మీద ఇక్కడ బడి, ఇక్కడ ఆసుపత్రి, ఇక్కడ ఆటస్థలం అని గుర్తులు పెడతారు. దీన్నే రిజర్వేషన్ అంటారు. పటం మీద ఆకుపచ్చ రంగు వేసినంత మాత్రాన అక్కడ పార్కు వచ్చేసిందని అనుకోకూడదు. ఆ భూమి ప్రైవేటు యజమానిది కావచ్చు. ప్రణాళిక అమలులోకి వచ్చిన పదేళ్ళలోగా ఆ భూమిని తీసుకోకపోతే, యజమాని 127వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వవచ్చు. ఆ తరువాత చట్టం ఇచ్చిన గడువులోగా కూడా కార్పొరేషను కదలకపోతే ఆ రిజర్వేషన్ రద్దయిపోతుంది. పటం మీద ఆటస్థలం, నేల మీద గోదాము! ఇట్లా జరగడానికి అన్నిసార్లూ ఎవరో కబ్జా చేయనక్కర్లేదు. ఎవరూ పట్టించుకోకుండా పదేళ్ళు గడిస్తే చాలు.

ఈ విషయంలో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి ముంబయిలో జరిగింది. మూతపడిన మిల్లుల భూముల గురించి 1991లో ఒక నియమం వచ్చింది. ఆ భూములను మూడు వంతులు చేసి, ఒక వంతు నగరానికి పార్కులు, మైదానాలకు, ఒక వంతు ప్రభుత్వ గృహ నిర్మాణానికి, మిగిలినది యజమానికి అని దాని స్థూలమైన భావం. 2001లో ఆ నియమాన్ని మార్చారు. మొత్తం మిల్లు భూమికి బదులు అందులో కట్టడాలు లేని ఖాళీ భూమినే పంచాలన్నారు. మిల్లు ఆవరణలో ఖాళీ భూమి ఎంతుంటుంది? నగరానికి రావలసిన వాటా ఆ మేరకు చిక్కిపోయింది. కొందరు కోర్టుకు వెళ్ళారు. చివరకు 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించింది. మన తెలుగు నేతగాళ్ళు కూడా చెమటోడ్చిన ఆ మిల్లుల నేల మీద ఇప్పుడు ఆకాశహర్మ్యాలు, పెద్ద పెద్ద బజార్లు ఉన్నాయి. నియమంలో నాలుగు మాటలు మారినప్పుడు జనం ఆ సంగతి గమనించకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇదే ఉదాహరణ.

రెండో పాఠం బెంగుళూరులో జరిగింది. అక్కడ ఒక కాలనీలో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోము కట్టుకోవడానికి ఇచ్చారు. ఆ కాలనీవాసులు ఊరుకోలేదు. కోర్టుకు వెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ళ వైపే తీర్పు చెప్పింది. ఆసుపత్రి మంచిదే అయినా, అందరి కోసం ఉంచిన ఖాళీ స్థలాన్ని ఒక ప్రైవేటు సంస్థకు కట్టబెట్టడం చెల్లదని చెప్పింది. చుట్టుపక్కల ఉండేవాళ్ళకు దీన్ని ప్రశ్నించే హక్కు ఉందని కూడా ఒప్పుకుంది. చూశారా! ఒకచోట ఖాళీ స్థలం నిలిచింది, ఇంకొకచోట జారిపోయింది. నిలిచిన చోట పటం ఏం చెబుతున్నదో చూసి, సమయానికి అడిగినవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు స్థలం ఉందనుకుందాం. దాన్ని ఎట్లా నడపాలి? భివండి లాంటి ఊరికి పనికివచ్చే నాలుగు విషయాలు చెబుతాను.

మొదటిది, నీళ్ళు. భివండి తన అవసరాలకు నీళ్ళు కొనుక్కునే ఊరు. స్టెమ్ అనే నీటి సంస్థ నుంచి, ముంబయి కార్పొరేషన్ నుంచి ఆ నగరానికి నీళ్ళు వస్తాయి. బిందెడు నీళ్ళ కోసం ఆడవాళ్ళు వరుసలో నిలబడే చోట, పచ్చికబయలుకు తాగునీళ్ళు పోస్తే ఎవరికైనా కోపం వస్తుంది, రావాలి కూడా. కాబట్టి పచ్చిక బదులు నీడ ఇచ్చే చెట్లు మేలు. వేప, కానుగ, రావి వంటివి నాటి మొదటి రెండు మూడేళ్ళు కాపాడితే తరువాత వాటి బతుకు అవే బతుకుతాయి. మొక్కలకు బోరునీళ్ళో, శుద్ధిచేసిన వాడుకనీళ్ళో పెట్టాలి.

రెండవది, వాన. అది కొంకణ ప్రాంతం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన దంచి కొడుతుంది. నీరు పోయే దారి చూడకుండా మైదానం చేస్తే నాలుగు నెలలు బురదగుంట అవుతుంది. మైదానాన్ని కొంచెం ఎత్తు చేసి, మొరం పోసి, చుట్టూ కాలువ తీయాలి. ఒక మూల గోడలు లేని రేకుల పందిరి వేస్తే వానాకాలంలో క్యారమ్, చదరంగం, వ్యాయామం అక్కడ సాగుతాయి.

మూడవది, ఆట ఎంపిక. క్రికెట్ మీద మన కుర్రవాళ్ళకు మోజు ఎక్కువ. తప్పులేదు. కానీ క్రికెట్‌కు మైదానమంతా కావాలి, ఆడేది మాత్రం ఇరవై రెండు మంది. అదే జాగాలో కబడ్డీ, వాలీబాల్, ఖోఖో బరులు నాలుగైదు పడతాయి. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు మాత్రమే. ఇరుకు ఊళ్ళో ఇరుకు జాగా ఆటలే పదిమందికీ అందుతాయి. ముంబయి మిల్లుల వాడల్లో కబడ్డీ జట్లు, తాలీంఖానాలు ఊరికే పుట్టలేదు. ఉన్న కొంచెం నేలకు తగ్గ ఆటలవి. క్రికెట్‌కు వారంలో కొన్ని గంటలు కేటాయించవచ్చు.

నాలుగవది, పండుగలు, సభలు. మన ఊళ్ళలాగే అక్కడ కూడా మైదానం అంటే పెళ్ళి పందిళ్ళు, రాజకీయ సభలు, ఉత్సవాలు. వద్దనలేం. కామత్‌ఘర్ పక్కన వర్హాళదేవి చెరువు ఉంది. ఊరికి తాగునీళ్ళలో కొంత ఇచ్చే చెరువు అది. మన ఆడపడుచులు బతుకమ్మ ఆడాలంటే చెరువూ కావాలి, దగ్గరలో జాగా కూడా కావాలి. ఒక రకంగా చూస్తే పట్నంలో ఖాళీ జాగా అవసరం ఏమిటో బతుకమ్మ పండుగే మనకు చెబుతుంది. అయితే ఏడాదిలో ఎన్ని రోజులు మైదానం అద్దెకివ్వవచ్చో ముందే తేల్చి గేటు దగ్గర రాసిపెట్టాలి. బయానా కట్టించుకోవాలి. పందిరి గుంజల గుంటలు పూడ్చి, చెత్త ఎత్తితేనే బయానా తిరిగి ఇవ్వాలి. ఈ నియమం అందరికీ ఒకటే కావాలి.

స్థలం, నీళ్ళు, దీపాలు ఉన్నాయి. అయినా కుర్రవాళ్ళు రాకపోవచ్చు. వచ్చినా నలుగురు బలమైనవాళ్ళు బరిని ఆక్రమించుకుని మిగతావాళ్ళను తరిమేయవచ్చు. కాబట్టి ఆటస్థలానికి మనిషి కావాలి. ఆట నేర్పే మనిషి, వేళలు పాటించే మనిషి, పేర్లు రాసుకునే మనిషి. హైదరాబాదు నగరపాలక సంస్థ ఏటా వేసవి సెలవుల్లో నగరమంతటా క్రీడా శిక్షణ శిబిరాలు నడుపుతుందని మీలో చాలామందికి తెలుసు. నామమాత్రపు రుసుముతో పిల్లలకు రకరకాల ఆటలు నేర్పుతారు. అది మంచి పద్ధతి. అయితే బడిపిల్లలకు వేసవి సెలవులుంటాయి, సాంచాల మీద పనిచేసే ఇరవై ఏళ్ళ కుర్రవాడికి ఉండవు. అతనికి కావలసింది ఏడాదికొక శిబిరం కాదు, వారానికి నాలుగు రోజులు గంటసేపు. పెద్ద టోర్నమెంటు పెట్టి, కప్పు ఇచ్చి, ఫోటో తీసుకుంటే ఖర్చు ఎక్కువ, మిగిలేది తక్కువ. ఆ ఖర్చుతో ఒక శిక్షకుణ్ణి ఏడాదంతా పెట్టుకోవచ్చేమో లెక్క చూసుకోవాలి.

ఆడపిల్లల మాట మరిచిపోవద్దు. ఇంట్లో కండెలు చుడుతూ, తమ్ముళ్ళను చూసుకుంటూ ఉండే అమ్మాయికి కూడా పరుగెత్తాలని ఉంటుంది. 'అందరికీ ప్రవేశం' అని బోర్డు రాసినంత మాత్రాన ఆమె రాదు. రోజులో ఒక గంట అమ్మాయిలకని కేటాయించి, నేర్పడానికి ఒక మహిళా శిక్షకురాలిని పెట్టి, శుభ్రమైన మరుగుదొడ్డి, గేటు దాకా వెలుతురు ఉంటేనే తల్లి పంపుతుంది. తల్లి మనసుకు ధైర్యం కలగడం కూడా పార్కు నిర్వహణలో భాగమే.

ఇంకొక ముఖ్యమైన మాట. భివండిలో అనేక భాషలవాళ్ళు, అనేక మతాలవాళ్ళు కలిసి పనిచేస్తారు. మరాఠీ, ఉర్దూ, హిందీ, తెలుగు, భోజ్‌పురీ అన్నీ వినిపిస్తాయి. ఆ ఊరు 1970లోను, 1984లోను మతకలహాల్లో తీవ్రంగా నష్టపోయింది. ఆ తరువాత, 1980ల చివరలో అక్కడ పనిచేసిన పోలీసు అధికారి సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు ఏర్పాటు చేయించారు. వేర్వేరు మతాల ఇరుగుపొరుగు ఒకచోట కూర్చుని, నెలనెలా ముఖాముఖి మాట్లాడుకునే కమిటీలవి. 1992-93లో ముంబయి మండిపోయినప్పుడు భివండి ప్రశాంతంగా నిలిచింది. ఆ ప్రశాంతతకు ఈ కమిటీలు ఎంతో తోడ్పడ్డాయని చాలామంది చెబుతారు. ఒకరి ముఖం ఒకరికి తెలిసినప్పుడు పుకారు అంత తేలికగా పని చేయదన్నది దాని సారాంశం.

ఆట మైదానం కూడా ముఖాలు తెలిసే చోటే. అయితే అది తనంతట తాను జరగదు. ఒక గల్లీ జట్టు ఇంకొక గల్లీ జట్టు మీద ఆడితే గెలుపోటములు గల్లీల పగలుగా మారవచ్చు. అందుకని జట్లను వాడలవారీగా కాకుండా చీట్లు వేసి కలపాలి. పద్మనగర్ కుర్రవాడికి చీటీలో వచ్చిన తోటి ఆటగాడు ఉర్దూ మాట్లాడేవాడు కావాలి. ఇద్దరూ కలిసి ఒకణ్ణి పట్టుకుంటే పాయింటు వస్తుంది. ఆ సాయంత్రం నేర్చిన స్నేహం కష్టకాలంలో అక్కరకు వస్తుంది.

ఇంతవరకు చెప్పుకున్నదంతా బాగానే ఉంది, మేమేం చేయగలం అని మీరు అడగవచ్చు. భివండిలో ఉన్నవాళ్ళకు మొదటి మాట. మీ వాడలో ఆటస్థలానికి రిజర్వు చేసిన జాగా ఎక్కడుందో ప్రణాళిక పటంలో చూడండి. చూపించకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కొత్త ప్రణాళిక ముసాయిదా వెలువడినప్పుడు అభ్యంతరాలు, సూచనలు చెప్పుకోవడానికి గడువు ఇస్తారు. ఆ గడువు దాటితే నోరు కట్టేసినట్టే. రెండో మాట. ఉన్న పార్కుకు పాళీల ప్రకారం వేళలు మార్చమని సంతకాలతో అర్జీ ఇవ్వండి. కొత్త పార్కు అడిగితే ఏళ్ళు పడుతుంది. వేళలు మార్చమంటే కొత్త భూమితో పనిలేదు. మూడో మాట. సాంచాలు నడిపేవాళ్ళు, యజమానులు, ఆడవాళ్ళు, పెద్దలు కలిసి ప్రతి పార్కుకూ ఒక చిన్న సంఘంగా ఏర్పడి, ఏ దీపం ఆరింది, ఏ రోజు కాపలాదారు రాలేదు అని ఒక పుస్తకంలో రాసిపెట్టండి. రాసిన ఫిర్యాదుకు ఉన్న బలం నోటిమాటకు ఉండదు.

ఇక ఇక్కడ, మన జిల్లాల్లో ఉన్న శ్రోతలకు. మన పట్టణాలు కూడా భివండి దారిలోనే పెరుగుతున్నాయి. మనకు ఒక సౌకర్యం ఉంది. ఇంకా కొంత ఖాళీ జాగా మిగిలే ఉంది. 2019లో వచ్చిన తెలంగాణ పురపాలక చట్టం మునిసిపాలిటీ బడ్జెటులో పది శాతం పచ్చదనానికి కేటాయించాలని చెప్పింది. ఇక్కడ మాట 'చేయాలి' అన్నదే. 2022 జూన్‌లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు ప్రారంభించారు. మీ ఊళ్ళో ఆ ప్రాంగణం ఇప్పుడెట్లా ఉందో ఈ సాయంత్రం ఒకసారి వెళ్ళి చూడండి. పిల్లలు ఆడుతున్నారా, పిచ్చిమొక్కలు మొలిచాయా? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? చీకటి పడ్డాక దీపం వెలుగుతున్నదా? మంచి జాగా ఉండి కూడా నడుపుకోకపోతే, జాగా లేని భివండికీ మనకూ తేడా ఏముంటుంది?

చివరగా, మొదట చెప్పిన మాట దగ్గరికే వద్దాం. ఈసారి భివండిలో ఉన్న మీ తమ్ముడికో, కొడుక్కో, అల్లుడికో ఫోను చేసినప్పుడు కూలి గురించి అడగండి, తిండి గురించి అడగండి. దానితోపాటు "పని దిగినాక ఎక్కడ కూర్చుంటున్నావు?" అని కూడా అడగండి. "ఎక్కడా లేదు" అని జవాబు వస్తే, "నీలాగే దిగి వచ్చిన పదిమందిని కూడగట్టి, పార్కు గేటు ఇంకో రెండు గంటలు తెరిచి ఉంచమని అడుగు" అని చెప్పండి. ఆ రెండు గంటల కోసం భూమి కొననక్కర్లేదు.